గయోపాఖ్యానంలో గయుడెక్కడ?

శరణాగతుణ్ణి గురించి తెలుగువాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి 'గయోపాఖ్యానం' ఆడని వూరు ఒకప్పుడు తెలుగునాట లేదంటే పెద్ద అతిశయోక్తి కాదు. వ్యాసభారతంలో లేని ఈ కథను మన రంగస్థలం భారతకథకంటె ఎక్కువగా తన సొంతం చేసుకుంది. పుస్తకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయిందని ప్రసిద్ధి. 1963లో కె. వి. రెడ్డిగారు ఇదే కథను 'శ్రీకృష్ణార్జున యుద్ధము'గా తెరకెక్కించారు. కోస్తా జిల్లాల నుంచి బొగ్గు గనులకు పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు తట్టాబుట్టా తోపాటు ఈ పద్యాలను కూడా మా మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతాలకు మోసుకొచ్చారు. రాగం తీయడంలో మాత్రం ఇక్కడివాళ్ళు వాళ్ళకేమీ తీసిపోలేదు.

ఈ నాటకాన్ని గురించి మన విమర్శకులు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: శరణాగత రక్షణ అనే మహోన్నత ధర్మాన్ని ఇది చాటుతుందని. నేను ఈ మాటతో ఏకీభవించలేను. ఎందుకు ఏకీభవించలేనో చెప్పడానికి కథను ఒకసారి తిరగవేయాలి.

గయుడనే గంధర్వుడు విమానంలో పోతూ తాంబూలం వుమ్మివేశాడు. కింద అర్ఘ్యం ఇస్తున్న కృష్ణుడి దోసిట్లో అది పడింది. గయుడికి ఆ సంగతే తెలియదు. అతడు ఎవరినీ కొట్టలేదు, దోచుకోలేదు, చంపలేదు. అతను దాటిన గీత ఏలికవాని గౌరవానికి సంబంధించినది. కృష్ణుడు తల నరుకుతానని ప్రతిజ్ఞ చేశాడు. దిక్కు తోచని గయుణ్ణి నారదుడు అర్జునుడి వద్దకు పంపాడు. అర్జునుడు పేరూ నేరమూ వినకుండానే అభయమిచ్చాడు. విన్న తర్వాత మాట తప్పలేక నిలబడ్డాడు.

ఇక్కడిదాకా ఇది గయుడి కథ. ఇక్కడి నుంచి గయుడు కనిపించడు. రాయబారాలు, బావాబావమరదుల ఎత్తిపొడుపులు, సుభద్ర కన్నీళ్ళు, చివరకు యుద్ధరంగం. 'వన్స్ మోర్' అనిపించుకునే పద్యాలన్నీ కృష్ణుడివి, అర్జునుడివి. ఎవరి తల కోసం ఇంత రాద్ధాంతమో ఆ మనిషి గుడారంలో ఏం ఆలోచిస్తున్నాడో అడగాలని నాటకకర్తకు తోచలేదు. తోచినట్లయితే ఆ నాటకం ఇంత జనరంజకంగా వుండేది కాదేమో కూడా. మా కార్మికవాడలో ఒకసారి ఈ నాటకం వేసినప్పుడు గయపాత్రధారి తన రంగం కాగానే రంగు కడుక్కుని వెళ్ళి తెర లాగే పనిలో చేరాడు, మనుషులు తక్కువై. చివరి రంగంలో దేవుడు దిగివచ్చి ఇద్దరినీ సమాధానపరిచేటప్పుడు గయుడు రంగం మీద లేడు. చూసినవాళ్ళెవరూ ఆ లోటు పట్టించుకోలేదు. చిన్నవాణ్ణి గనుక నేనూ పట్టించుకోలేదు.

అందుకే అంటున్నాను, ఇది శరణాగత రక్షణ నాటకం కాదు. ఇది ఇద్దరు ఏలికల పంతం నాటకం. అభయం ఇచ్చింది గయుడి ప్రాణం విలువైనదని కాదు, క్షత్రియుడి మాట విలువైనదని. దాత పరువు మీద నిలిచిన అభయంలో శరణార్థి పాత్ర ఒక సాకు మాత్రమే.

ఈ పాత నాటకం నాకు ఇప్పుడు గుర్తు రావడానికి కారణం అమెరికా వార్తలు. అక్కడ కేంద్ర ప్రభుత్వానికీ 'శాంక్చురీ నగరాలు' అని పిలవబడే నగరాలకూ చాలా ఏళ్ళుగా నడుస్తున్న తగవు 2025 నుంచి మరీ ముదిరింది. ఆ ఏడు జనవరి 20న అధికారం చేపట్టిన రోజే అధ్యక్షుడు ట్రంప్ ఆ నగరాలకు కేంద్ర నిధులు అందకుండా చేయాలని ఉత్తర్వు వేశాడు. ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ న్యాయమూర్తి దాన్ని ఆపాడు. జూన్‌లో లాస్ ఏంజలస్‌కు, కాలిఫోర్నియా గవర్నరు కోరకుండానే, వద్దంటున్నా, నేషనల్ గార్డు దళాలు దిగాయి. మన పత్రికలు దీన్ని ట్రంప్‌కూ గవర్నరుకూ, ట్రంప్‌కూ మేయర్లకూ మధ్య కుస్తీగా రాశాయి. ఎవరు ఏమన్నారు, దానికి వీరేమని బదులిచ్చారు. అచ్చంగా రాయబారం పద్యాలే.

శాంక్చురీ నగరమంటే మనవాళ్ళు చాలామంది అనుకునేది ఒకటి, నిజంగా వున్నది మరొకటి. అక్కడ ఎవరినీ దాచిపెట్టరు. ఐస్ అని పొట్టిపేరుతో పిలిచే కేంద్ర వలస శాఖ ఉద్యోగులు ఆ నగరాల్లోకి రావచ్చు, మనుషులను పట్టుకోవచ్చు, విమానం ఎక్కించవచ్చు. నగరం చేసేదల్లా తన పోలీసులను ఆ పనికి పంపకపోవడం, చిన్న కేసులో జైలుకు వచ్చినవాణ్ణి విడుదల గడువు దాటి 48 గంటలదాకా ఆపి అప్పగించమని ఐస్ పంపే కోరికను మన్నించకపోవడం. 1979లో లాస్ ఏంజలస్ పోలీసు శాఖ, కేవలం వలస హోదా తెలుసుకోవడం కోసం ఎవరినీ ఆపవద్దని ఉత్తర్వు వేసింది. 1989లో శాన్‌ఫ్రాన్సిస్కో దీన్ని నగర శాసనం చేసింది. ఆ దేశపు సుప్రీంకోర్టు 1997లో, తుపాకుల చట్టం తగవులో, కేంద్రం తన చట్టాన్ని అమలు జరపడానికి రాష్ట్రాల ఉద్యోగులను పనిలో పెట్టుకోరాదని తేల్చింది. మన తెలంగాణ మాటలో చెప్పాలంటే వెట్టికి పట్టరాదని. కాబట్టి ఈ నగరాలు అర్జునుడిలా గాండీవం ఎత్తినవి కావు. నీ పని నీవు చేసుకో, నా మనుషులను వెట్టికి అడగకు అన్నవి మాత్రమే. అయినా ఆ కాస్త నిరాకరణకే కేంద్రం ఇంత కోపగించడం చూస్తే వెట్టి మీద రాజ్యాలు ఎంతగా ఆధారపడి నడుస్తాయో తెలుస్తుంది.

మేయర్లను నేను తక్కువ చేయడం లేదు. పోలీసును చూస్తే పారిపోయే తల్లి తన ఇంట్లో దొంగతనం జరిగినా, తన మీద దాడి జరిగినా ఫిర్యాదు చేయదు. ఆ భయం తగ్గించడం చిన్న మేలు కాదు. కాని మేలు పరిమితి కూడా చూడాలి. 2022లో టెక్సాస్ గవర్నరు సరిహద్దు దాటి వచ్చినవారిని బస్సులెక్కించి న్యూయార్కుకు పంపడం మొదలుపెట్టాడు. అక్కడికి నానా దారుల్లో వచ్చినవారి లెక్క రెండు లక్షలు దాటింది. ఆ నగరపు మేయరే 2023లో, ఈ భారం నగరాన్ని నాశనం చేస్తుందని బహిరంగంగా అన్నాడు. మనుషులను బస్సుల్లో వేసి ప్రత్యర్థి గుమ్మంలో దించిరావడం కూడా వాదంలో ఒక పద్యమే. బస్సులో కూర్చున్నవారికి పద్యం లేదు.

ఈ గయుడు తెలుగువాడైన సందర్భం కూడా వుంది. మిచిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే వూళ్ళో 'ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం' వుండేది. దాన్ని నడిపింది అమెరికా అంతర్గత భద్రతా శాఖ. అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. చేర్చుకునే ఉద్యోగులు మారుపేర్ల పోలీసులు. గుర్తింపు వున్న సంస్థల జాబితాలో ప్రభుత్వమే దాని పేరు చేర్చింది. 600 మందికి పైగా చేరారు, ఫీజులు కట్టారు. 2019 జనవరి ఆఖరులో వల లాగారు. మొదటి దెబ్బకే పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో ఎక్కువమంది తెలుగువారు. విద్యార్థులను చేర్పించిన 8 మంది దళారీలూ మనవాళ్ళే. ఆ సంవత్సరం ముగిసేలోగా పట్టుబడినవారు సుమారు 250 అయ్యారు. అమెరికాలో వుండి పని చేసుకోవడానికి చదువనే ముసుగు వాడుకున్నారని ప్రభుత్వ వాదం. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. అయితే ఆ ముసుగు కుట్టి ఇచ్చింది ఎవరు? తాంబూలం చేతికిచ్చి, ఇక్కడ వుమ్మవచ్చు అని చూపించి, తర్వాత చక్రం ఎత్తినట్లయింది. ఆ విద్యార్థుల తరపున ఫీజుల కోసం వేసిన దావా నడవవచ్చునని అప్పీలు కోర్టు 2024 జూన్‌లో తేల్చింది.

వీరికి ఏ శాంక్చురీ నగరమూ ఏమీ చేయలేకపోయింది. స్థానిక పోలీసు సమాచారం ఇవ్వకపోయినంత మాత్రాన ఏమిటి, కళాశాల రిజిస్ట్రారే కేంద్ర పోలీసు అయినప్పుడు!

అమెరికా తెలుగువారి సాహిత్యం ఈ మనిషిని ఎలా చూసిందన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. హ్యూస్టన్‌లోని వంగూరి ఫౌండేషన్ 1990ల నుంచి ప్రచురిస్తూ వచ్చిన 'అమెరికా తెలుగు కథానిక' సంపుటాలు వున్నాయి, వెబ్ పత్రికలు వున్నాయి, ఇక్కడి వారపత్రికల ప్రవాస సంచికలు వున్నాయి. ఆ కథల్లో మంచివి లేవని నేను అనను. ఒంటరి తల్లిదండ్రులు, ఇంగ్లీషులో కలలు కనే పిల్లలు, మంచులో పండుగలు, ఉద్యోగం పోయే భయం, గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపు. ఇవన్నీ నిజమైన బాధలే. కాని నేను చదివినంతలో ఆ కథల్లో మాట్లాడేవాడు దాదాపు ఎప్పుడూ కాగితాలు వున్నవాడు, లేదా కాగితాల వరుసలో నిలబడినవాడు. పెట్రోలు బంకులో రాత్రి పని చేసే కుర్రవాడు, ఇండియన్ హోటలు వెనుక వంటగదిలో గిన్నెలు తోమేవాడు కథలోకి వస్తే కథకుడి దయాగుణాన్ని చూపించడానికి వస్తాడు. ఒక రాత్రి భోజనం పెట్టించుకుని, ఒక పాఠం నేర్పి వెళ్ళిపోతాడు. ఫార్మింగ్టన్ వార్త వచ్చినప్పుడు మన సంఘాలు న్యాయవాదులను పెట్టాయి, అది మంచి పని. అదే సమయంలో 'వీళ్ళ వల్ల మనందరికీ చెడ్డపేరు' అన్న మాట డ్రాయింగ్ రూముల్లో ఎంతగా వినిపించిందో ఆ వూళ్ళలో వున్న మా పిల్లలు చెప్పారు. ఆ డ్రాయింగ్ రూమును కథలోకి తెచ్చే ధైర్యం కావాలి. అది చట్టం గురించిన భయం కాదు, వర్గం గురించిన భయం. ముందు ఎక్కినవాడు నిచ్చెన లాగేసుకునేటప్పుడు వచ్చే చప్పుడు అది.

ఇది సాధ్యమేనా, చట్టం ముందు నేరస్థుడైన మనిషిని మధ్యలో నిలబెట్టి రాయగలమా అని అడిగేవారికి అమెరికా చరిత్రే జవాబు చెబుతుంది. శాంక్చురీ తగవుకు మూలం అక్కడి బానిసత్వంలో వుంది. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే పనికి తమ జైళ్ళను, ఉద్యోగులను వాడనీయబోమని 1842 తర్వాత వుత్తరాది రాష్ట్రాలు కొన్ని శాసనాలు చేశాయి. దక్షిణాది యజమానుల ఒత్తిడితో 1850లో కేంద్రం మరింత కఠినమైన చట్టం తెచ్చింది, ఆశ్రయమిచ్చినవారికి జుల్మానా, ఖైదు విధించింది. సెనేటులో ఎన్ని ఉపన్యాసాలు జరిగాయో లెక్కలేదు. అయితే ప్రజలు గుర్తుపెట్టుకున్నది 1852లో పుస్తకంగా వచ్చిన హారియెట్ బీచర్ స్టో నవల 'అంకుల్ టామ్స్ కాబిన్'. అందులో ఒక ఘట్టం వుంది. అలాంటి చట్టానికే ఓటు వేసి ఇంటికి వచ్చిన ఓహాయో సెనేటరు భార్యతో వాదిస్తుంటాడు. ఆ రాత్రే మంచుగడ్డల మీద నది దాటి, బిడ్డను ఎత్తుకుని, ఎలైజా అనే స్త్రీ వాళ్ళ వంటింట్లోకి వచ్చి పడుతుంది. ఆమె రాజ్యాంగం మాట్లాడదు. మీకు ఎప్పుడైనా బిడ్డ పోయిందా అని ఇల్లాలిని అడుగుతుంది. ఆ దంపతులకు అంతకు కొద్దిరోజుల ముందే బిడ్డ పోయింది. తెల్లవారేలోగా ఆ సెనేటరే ఆమెను బండి ఎక్కించి దాటిస్తాడు.

ఆ నవలలో కన్నీరు మితిమీరిందని, నల్లవారిని మరీ సాధువులుగా చేసిందని జేమ్స్ బాల్డ్విన్ 1949లో చేసిన విమర్శను కాదనలేం. కాని శిల్పంలో ఒక నిర్ణయాన్ని మనం గమనించాలి. రచయిత్రి యుద్ధాన్ని సెనేటు నుంచి వంటింటికి మార్చింది. చట్టం రాసినవాణ్ణీ చట్టం తరుముతున్నదాన్నీ ఒకే పొయ్యి ముందు కూర్చోబెట్టి, మొదటి మాట ఆమెకు ఇచ్చింది. చిలకమర్తివారి గుడారంలో జరగనిది అక్కడ జరిగింది.

మనకు ఎలైజాలు లేక కాదు. గోదావరికి ఇటూ అటూ, మంచిర్యాల, జగిత్యాల, కరీంనగర్ జిల్లాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని పల్లె అరుదు. అక్కడ కఫీల్ చేతిలో పాస్‌పోర్టు పెట్టి, జీతం రాక, దెబ్బలు తినలేక బయటపడినవాణ్ణి మన పల్లెల్లో 'ఖల్లివెల్లి' అంటారు. అరబ్బులో 'పోనీ, వదిలెయ్' అనే అర్థమున్న మాట తెలంగాణ పల్లెలో ఒక మనిషి హోదాగా మారిపోయింది. 'మావోడు ఖల్లివెల్లి అయిండు' అని తల్లి చెప్పేటప్పుడు ఆ గొంతులో సిగ్గూ, భయమూ, కాస్త గర్వమూ కూడా వుంటాయి, కఫీల్‌ను కాదని నిలబడ్డాడు కదా అని. ఒక్క మాటలో ఇంత కథ దాచిన భాష మనది. ఆ మాటను రచయితలకంటె ముందు పాటగాళ్ళు పట్టుకున్నారు. ఎమిరేట్సు 2007లో, 2018లో, 2024లో గడువు పెట్టి, కాగితాలు లేనివారిని శిక్ష లేకుండా వెళ్ళిపొమ్మన్నప్పుడు మన పత్రికలు 'క్షమాభిక్ష' అని శీర్షికలు పెట్టాయి. జీతం ఎగ్గొట్టినవాడు క్షమించాడట, జీతం పోగొట్టుకున్నవాడు భిక్ష పుచ్చుకున్నాడట! గయోపాఖ్యానం చివరి రంగం కూడా ఇదే. ఆ మాట మీద ఒక విమర్శ వ్యాసమైనా ఎవరైనా రాయవలసింది.

ఇంతవరకు మన పిల్లల పక్షాన మాట్లాడాను. అది సులభం. మన గుమ్మంలోకి వచ్చినవాడి సంగతి ఎత్తితే పాఠకులు కొందరికి కోపం రావచ్చు.

శిబి కథలో పావురం మీద జాలిపడటం అందరికీ చేతనవును. నాకు ఎప్పుడూ పట్టి వుంచేది డేగ వాదం. నా ఆకలి మాటేమిటి, నా నోటి కూడు తీసి నువ్వు పుణ్యం కట్టుకుంటావా అని అది అడుగుతుంది. అన్యాయమైన ప్రశ్న కాదది. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా వున్న ఉద్యోగులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లోకి వచ్చారు. ఓపెన్‌కాస్టులు పెరిగాయి, యంత్రాలు వచ్చాయి, మిగిలిన పని కాంట్రాక్టుకు పోయింది. కాజీపేట-బల్లార్షా మార్గంలో దానాపూర్ రైళ్ళు దించిపోయే బీహారు, జార్ఖండ్, ఒడిశా కూలీలను చూసి నిరుద్యోగి అయిన గని కార్మికుని కొడుకు డేగలాగే అడుగుతున్నాడు. ఇది ముల్కీ తగవువంటిదే కదా అనేవారున్నారు. కాదు. 1919 ఫర్మానా మొదలు 1952 ఆందోళన, 1969 జనవరిలో పాల్వంచ థర్మల్ కేంద్రం దగ్గర రాజుకున్న నిప్పు దాకా, తగవు కుర్చీలోకి వచ్చి కూర్చున్నవాడితో. ఇప్పుడు వచ్చినవాడు కుర్చీలోకి కాదు, కాంట్రాక్టరు కాళ్ళకిందికి వచ్చాడు. శిబి తన తొడ కోసి డేగ ఆకలి తీర్చాడు. మన కాంట్రాక్టరు పావురానికి సగం గింజలు వేసి, డేగ తొడ కోసి తాను తింటున్నాడు. డేగకు ఈ సంగతి చెప్పని కథ అబద్ధం, పావురాన్ని తరమమనే కథ అంతకంటె పెద్ద అబద్ధం. 2020 మే 1న దేశంలో మొట్టమొదటి శ్రామిక రైలు లింగంపల్లి నుంచి హటియాకు 1200 మందితో బయలుదేరినప్పుడు అయ్యో అన్నవాళ్ళమే, వాళ్ళు తిరిగి వచ్చాక మళ్ళీ 'బిహారీలు' అన్నాం.

ఇంకొక కథ అడవిలో వుంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైన తర్వాత, తగలబడిన పల్లెలు విడిచి గుత్తికోయలు గోదావరి అడవుల్లోకి, ఖమ్మం, వరంగల్ వైపుకు వచ్చారు. సుప్రీంకోర్టు 2011 జూలైలో సల్వాజుడుంను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది, కాని వచ్చినవారు వెళ్ళడానికి పల్లెలు మిగలలేదు. వీళ్ళు పరదేశీయులు కారు, ఈ దేశ పౌరులే. అక్కడ షెడ్యూల్డు తెగవారు, ఇక్కడ ఆ గుర్తింపు లేదు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ శాఖ వారి గుడిసెలు కూల్చింది. ఆ మరుసటి ఏడు హైకోర్టు వాళ్ళను వెళ్ళగొట్టవద్దని ఆదేశించింది. తర్వాత 2022 నవంబరులో, సింగరేణి కేంద్ర కార్యాలయం వున్న కొత్తగూడెం జిల్లాలోనే, చండ్రుగొండ మండలం బెండాలపాడు అడవిలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యాడు. ఘోరమైన హత్య. చేసినవారికి చట్టం శిక్ష విధించవలసిందే. కాని ఆ తర్వాత అక్కడి గ్రామసభ మొత్తం గుత్తికోయలను ఛత్తీస్‌గఢ్‌కు పంపివేయాలని తీర్మానించింది. ఒకరిద్దరి నేరానికి గూడెమంతటినీ గీత అవతలకు పొమ్మనడం మనం అమెరికా వార్తల్లో చదివి ఖండించే పద్ధతే. అక్కడ నగరం కేంద్రానికి అడ్డం నిలిచింది, ఇక్కడ మట్టిలో మట్టి అయిన పంచాయతీయే కృష్ణుడి పాత్ర పుచ్చుకుంది.

దీన్ని గురించి తెలుగులో మూడు రకాల పత్రాలు వున్నాయి: అటవీ శాఖ నివేదికలు, పోలీసు రిపోర్టులు, కోర్టు అఫిడవిట్లు. మూడింటిలోనూ గుత్తికోయలు 'తరలించబడ్డారు', 'గుర్తించబడ్డారు', 'అదుపులోకి తీసుకోబడ్డారు'. వాళ్ళు కర్తగా వున్న వాక్యం ఒకటి దొరుకుతుందేమోనని వెతికాను. 'అడవిని నరికినారు' అన్నది దొరికింది. వాళ్ళు మాట్లాడేది కోయభాష. మన రచయితల్లో అది వచ్చినవారిని వేళ్ళమీద లెక్కించవచ్చు. నేర్చుకోవడానికి మంచిర్యాల నుంచి అటువైపు బస్సులు రోజూ వున్నాయి.